పెద్ద వియ్యంకుడికి నల్లబాట

పొద్దున్నే కొండ కింద లిఫ్టు దగ్గర నిలబడి వచ్చిన జనాన్ని చీదరించుకోవడం కలీపా ఉద్యోగం. దానికి నెలనెలా జీతం కూడా ఇచ్చేవాళ్ళు.

పేరుకి ఆమె స్కీ బడికి పెద్ద. కరాకోల్ ఊరి పైనున్న ఆ కొండకి వచ్చినవాళ్ళలో ఎవరు ఏ బాటలో జారాలో తేల్చి, చేతికి ఆ రంగు రిబ్బను కట్టి పంపాలి. కాళ్ళకి స్కీలు మొదటిసారి తగిలించుకున్నవాళ్ళకి పచ్చబాట. నిలబడ్డం వచ్చినవాళ్ళకి నీలిబాట. ఆగడం కూడా వచ్చినవాళ్ళకి ఎర్రబాట. ఈ రెండూ నిద్రలో లేపి అడిగినా చెయ్యగలిగినవాళ్ళకి నల్లబాట. ఇంత తేలికైన లెక్క ఒక్కడి బుర్రకీ ఎక్కదు. ఎవణ్ణి కదిపినా "నాకొచ్చు ఎజే, ఎర్రదే కట్టండి" అంటాడు. ఎజే అంటే వాళ్ళ మాటలో అక్క. వచ్చి ఏడిచావులే అని కలీపా మనసులో అనుకునేది. చాలాసార్లు పైకే అనేది.

ఆమె ఎవర్నీ ఏమీ అడిగేది కాదు. అడగడం దండగ, అందరూ అబద్ధాలే చెబుతారు. కార్లు ఆపేచోటు నుంచి లిఫ్టు దాకా స్కీలు మోసుకుంటూ నడిచొచ్చే తీరు చూస్తే చాలు, మనిషి రంగు తేలిపోయేది. అల్మాటీ నుంచి వచ్చే బాపతు ఉంటారు, షాపు వాసన పోని బట్టలేసుకుని, కళ్ళద్దాలు నెత్తికి పెట్టుకుని, ఫోనులోకి నవ్వుకుంటూ. అలాంటివాళ్ళకి మారుమాట లేకుండా పచ్చది. బిష్కెక్ నుంచి వచ్చేవాళ్ళు వీడియోలు చూసి అంతా నేర్చేసుకుని వస్తారు, వాళ్ళకీ పచ్చదే. భార్య ముందు గొప్పలకి పోయే మగవాళ్ళకి ముందు పచ్చది కట్టి, భార్యకి నీలిది కట్టి తమాషా చూసేది.

వీళ్ళందరికంటే ఆమెకి ఒళ్ళు మండేది మరో రకాన్ని చూస్తే. లిఫ్టు కుర్చీలో ఎక్కి పైకి పోతారు, అక్కడ టీ తాగుతారు, ఇస్సిక్‌కుల్ సరస్సుని చూసి నోరు తెరుస్తారు, మళ్ళీ అదే కుర్చీలో కూర్చుని కిందికి దిగిపోతారు. కాలికి మంచు అంటనివ్వరు. వాళ్ళకి ఆమె పెట్టిన పేరు బస్తాలు. పైకి మొయ్యాలి, కిందికి మొయ్యాలి, మధ్యలో ఒక ఉపయోగం లేదు.

ఆ కొండ మీదున్న అందరికంటే పెద్ద బస్తా డైరెక్టర్ ఎమిల్. మూడు చలికాలాల కిందట ఎవరినో పట్టుకుని డైరెక్టర్ పదవిలోకి వచ్చి కూర్చున్నాడు. స్కీ దుస్తులు మాత్రం ఏడాదికో కొత్త జత. పైకి పోయి, స్కీలు తగిలించుకుని, సరస్సు వెనక పడేలా ఫోటో దిగి, స్కీలు విప్పేసి, కుర్చీలో దిగి వచ్చేవాడు. అలాంటివాడు కిందటేడు కలీపాని గదిలోకి పిలిచి వేలు చూపించి బెదిరించాడు. అప్పటికి వారం కిందట ఎవరో బ్యాంకు ఆఫీసరు ఆమె కట్టిన పచ్చ రిబ్బను తెంపి పారేసి ఎర్రబాటలోకి దూరి భుజం విరగ్గొట్టుకున్నాడు.

"ఇంకో ఎముక విరిగినా, ఇంకో అతిథి మొహం మాడ్చుకుని వెళ్ళినా, అల్మాటీ నుంచి కోచ్‌ని తెచ్చుకుంటాను ఎజే. తర్వాత నన్ననుకోవద్దు."

కలీపాకి ఈ కొండ తప్ప మరో బతుకు లేదు. సోవియట్ రోజుల్లో క్రీడాపాఠశాల పిల్లగా ఎక్కింది, ఇప్పటికీ దిగలేదు. లిఫ్టు పక్కనున్న చెక్క ఇల్లు కూడా ఉద్యోగంతో వచ్చిందే. ఉద్యోగం పోతే కిందికి, ఊళ్ళోకి, అక్క కోడలి వంటింట్లోకి పోవాలి. అందుకని వేలు చూపించినవాణ్ణి ఏమీ అనలేక గుడ్ల నీళ్ళు కుక్కుకుని వచ్చేసింది.

ఇలా ఉండగా ఎమిల్ కూతురికి పెళ్ళయింది. నెల తిరక్కుండానే నారిన్ నుంచి వియ్యాలవారు కొండ చూడ్డానికి దిగారు. మర్యాదల విషయంలో నారిన్ వాళ్ళ పట్టింపు ఎలాంటిదో తెలియనిదెవరికి? ఎమిల్ రెండు రోజులు కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. గొర్రెని కోయించాడు, గుర్రపుమాంసం తెప్పించాడు, లిఫ్టు కుర్చీలు కూడా తుడిపించాడు.

సాయంత్రం విందుకి కలీపానీ రమ్మన్నాడు. తన కింద ఎంతమంది పనిచేస్తున్నారో వియ్యంకుడికి కనపడాలి కదా. ఆమె గుమ్మం దగ్గర కూర్చుని టీ తాగుతూ అందర్నీ తూచింది. పెద్ద వియ్యంకుడు షాయిమ్‌కుల్ ఆకే, అంటే పెద్దన్నగారు, డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు పశువుల డాక్టరు. నెత్తిన తెల్ల కల్పాక్ టోపీ, మోకాళ్ళు రెండూ పోయాయని కూర్చున్న తీరే చెబుతోంది. పచ్చబాట, అదీ చెయ్యి పట్టుకుని. పక్కన ఆయన తమ్ముడు, వోద్కా గ్లాసుకి పుట్టినవాడు. పచ్చబాట. వియ్యపురాలు బుబుసారా, కుర్చీలోంచి లేవాలంటేనే ఇద్దరు కావాలి. ఆమెకి బాటే వద్దు. చివర్లో పెళ్ళికొడుకు ఎర్నిస్. వాడి నడక చూడగానే కలీపా కళ్ళు ఆగిపోయాయి. పక్కవాళ్ళ మాటల్లో తెలిసింది, వాడు బిష్కెక్‌లో పోటీలకి దిగి పతకాలు తెచ్చినవాడట. ఈ గుంపు మొత్తానికి ఒకే ఒక్క మనిషి అనుకుంది.

మాంసం వచ్చింది. ఎమిల్ చేతులు కడుక్కుని లేచాడు. ఎవరికే ఎముక దక్కాలో ఆ వరసలోనే పంచుతూ, హుషారెక్కువై, నోటికొచ్చిన మర్యాద కలిపేశాడు.

"పెద్దవారు మా బావగారు! తలకాయ మీకు. రేపు కొండ మీద అన్నిటికంటే పైబాట, నల్లబాట, అదీ మీకే!"

అందరూ ఆహా అన్నారు. షాయిమ్‌కుల్ ఆకే రెండు చేతులా పళ్ళెం అందుకుని తల వంచాడు.

"చిన్న బావగారికి తుంటి ఎముక, ఎర్రబాట! వియ్యపురాలుగారికి కొవ్వుతోక, నీలిబాట! మా అల్లుడు అందరికంటే చిన్నవాడు, వాడికి చెవి చాలు. పచ్చబాట!"

ఓరి దేవుడా అనుకుంది కలీపా, వీడు బాటల్ని గొర్రె ఎముకల్లా పంచుతున్నాడు! గడ్డం తెల్లబడ్డవాడికి నిలువు కొండ, పతకాలు తెచ్చినవాడికి పసిపిల్లల దిబ్బ. ఇంత తెలివితక్కువతనం మనిషన్నవాడికి ఒక్కపూటలో రాదు, పుట్టుకతో రావాలి. ఆమె గ్లాసు కింద పెట్టి ఎమిల్‌ని కళ్ళతో బయటికి పిలిచింది.

"ఏం తాగావు తమ్ముడూ? ఆ ముసలాయన నల్లబాట మీద మూడో మలుపు దాకా కూడా రాడు. మొదటి మలుపు దగ్గరే దొర్లుతాడు."

"అయితే ఇప్పుడేం చెయ్యమంటావ్? నోటితో అనేశాను, ఆయన రెండు చేతులా పుచ్చుకున్నాడు. పెద్దమనిషి చేతికిచ్చిన ఎముకని వెనక్కి లాక్కుంటారా ఎవరైనా? మా పిల్ల రేపట్నించీ ఆ ఇంట్లో తలెత్తుకుని తిరగాలా వద్దా?"

"పచ్చది ఇస్తే ఏమైంది? బతికుంటాడు."

"పచ్చదా! చిన్నపిల్లల ముక్క పెద్దాయన పళ్ళెంలో వెయ్యమంటావా?" ఎమిల్ గొంతు తగ్గించాడు. "చూడు ఎజే. రేపు ఆయన నల్లబాట దిగాలి. నవ్వుతూ దిగాలి. దిగకపోతే నీ ఉద్యోగం ఉండదు. ఎక్కడైనా ఎముక విరిగినా ఉండదు."

"బాగుందయ్యా! అటు చూసినా నా మెడే, ఇటు చూసినా నా మెడేనా?"

"నువ్వేగా స్కీ బడికి పెద్ద?" అని లోపలికి పోయాడు.

మర్నాడు ఆకాశం తేటగా ఉంది. బాటల మీద మంచు రాత్రి బిగిసి గాజులా తయారైంది. నల్లబాటకి అంతకంటే పాడురోజు ఉండదు. లిఫ్టు దగ్గర షాయిమ్‌కుల్ ఆకే అరువు బూట్లు తొడుక్కుని, లాడాలు కొత్తగా కొట్టిన గుర్రంలా కాళ్ళు ఎత్తెత్తి వేస్తున్నాడు. హెల్మెట్ పెట్టుకోమంటే కల్పాక్ తీసి, దులిపి, జాగ్రత్తగా కోటు లోపల గుండె మీద దాచుకున్నాడు. ఆయన తమ్ముడు తన ఎర్రబాటని రాత్రే గ్లాసుల్లో దిగేసి, ఇంకా నిద్ర లేవలేదు. ఎర్నిస్ మాత్రం మామగారి మాట కాదనలేక, చేతికి పచ్చ రిబ్బను కట్టుకుని, ఆరేళ్ళ పిల్లల వెనక వరసలో నిలబడ్డాడు. పిల్లలు వాడికి స్కీలు ఎలా పట్టుకోవాలో నేర్పుతున్నారు.

"నవ్వకండి ఎజే" అన్నాడు కలీపాతో.

"నవ్వడం లేదు నాయనా. మీ మామని తిట్టుకుంటున్నాను."

కలీపా ఆకేని తన పక్కనే కుర్చీలో ఎక్కించుకుంది. వెనక కుర్చీలో ఎమిల్, బుబుసారా. ఆ వెనక దెబ్బలు తగిలినవాళ్ళని దింపే స్లెడ్జి పట్టుకుని కొండ కాపలా మనిషి జానార్‌బెక్. లిఫ్టు సరిగ్గా నల్లబాట మీదుగానే పోతుంది. కాళ్ళ కింద ఆ నిలువు మంచు కదిలిపోతుంటే ఆకే ముందున్న కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాడు.

"కాళ్ళు పక్కకి తిప్పి, అంచుల మీద మెల్లిగా జారండి ఆకే" అని కలీపా పాఠం మొదలెట్టింది. "కిందికి చూడొద్దు. సగం దిగాక ఎడమవైపు చెట్లలోకి అడ్డదారి ఉంది, పచ్చబాటకి పోతుంది. నేను మీ ముందే ఉంటాను."

ఆయన తలూపాడు. ఎదురుగా ఒక జంట కుర్చీలో కిందికి దిగుతోంది, వేరుసెనగపప్పు నములుతూ. కలీపా నోరు ఊరుకోలేదు.

"చూశారా, బస్తాలు! పైకి మోస్తాం, కిందికి మోస్తాం. కాళ్ళు దేవుడు ఎందుకిచ్చాడో వీళ్ళకి. వీళ్ళని చూస్తే నాకు అసహ్యం."

ఆకే ఆ జంట కనపడినంతసేపూ తల తిప్పి చూశాడు.

పైన గాలి చెంపలు కోస్తోంది. దూరంగా సరస్సు, నీలం పలక పరిచినట్టు. ఎమిల్ అప్పుడే స్కీలు తగిలించేసుకుని, బావగారి పక్కన నిలబడి, బుబుసారా చేతికి ఫోను ఇచ్చాడు. "వీడియో తియ్యండి వియ్యపురాలుగారూ! మా బావగారు నల్లబాట దిగడం నారిన్ అంతా చూడాలి!"

కలీపా బాట అంచు దాకా పోయి కిందికి చూసింది. మంచు ఎండకి మెరుస్తోంది. పక్కకి జారడం కాదు కదా, ఇక్కడ ఈ ముసలాయన నిలబడ్డం కూడా జరగని పని. మొదటి అడుగుకే పోతాడు. చెక్క ఇల్లు గుర్తొచ్చింది. అక్క కోడలి వంటిల్లు గుర్తొచ్చింది. తూ, ఏం బతుకు ఇది, ఇలాంటి వెధవ కోసం ఒక పెద్దమనిషి కాళ్ళు విరిచి ఈ ఉద్యోగం నిలబెట్టుకోవాలా అనుకుంది. తన చేతికర్రలు రెండూ బాట మొదట్లో అడ్డంగా మంచులో పాతి, వాటి ముందు నిలబడింది.

"ఈయన దిగడు."

"ఎజే, తప్పుకో" అన్నాడు ఎమిల్. ఫోను ఇంకా తీస్తూనే ఉందని నవ్వు మాత్రం చెదరనివ్వలేదు.

"తప్పుకోను. అల్మాటీ నుంచి ఎవణ్ణి తెచ్చుకుంటావో తెచ్చుకో. ఇల్లు ఇవాళే ఖాళీ చేస్తాను."

"బావగారి ముందు నా పరువు తీస్తున్నావు!"

"నీకు పరువొకటి ఏడిచిందా?"

అప్పుడు షాయిమ్‌కుల్ ఆకే దగ్గాడు. చిన్న దగ్గే, కానీ విందులో పెద్దవాళ్ళు మాట్లాడబోయే ముందు దగ్గే దగ్గు. ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు. ఆయన హెల్మెట్ తీసి, కోటు లోంచి కల్పాక్ తీసి పెట్టుకున్నాడు. చేతిజోడు విప్పి, మెల్లిగా వంగి, నల్లబాట అంచు నుంచి చిటికెడు మంచు తీసి నాలిక మీద వేసుకున్నాడు.

"బావగారూ, ఈ బాట నాకిచ్చారు కదూ?"

"మీకే బావగారూ! ఇంకెవరికిస్తాం!"

"రుచి చూశాను. చాలా బాగుంది. మీ ఇంటి మర్యాద గొప్పది." ఆయన పెదాలు తుడుచుకున్నాడు. "ఇంతకీ తలకాయ నా ముందు పెట్టారనుకోండి, నేనొక్కణ్ణే కూర్చుని తింటానా?"

ఎమిల్‌కి అర్థం కాలేదు. "అయ్యో, అలా ఎందుకు తింటారు! చెవి కోసి పిల్లలకిస్తారు, మిగతాది మీకు నచ్చినవాళ్ళకి మీ చేత్తో..."

అక్కడ ఆగిపోయాడు. అతని మొహంలో నెత్తురు దిగిపోవడం కలీపా కళ్ళారా చూసింది.

"అదీ. నా చేత్తో నోట్లో పెడతాను" అన్నాడు ఆకే చాలా ఆప్యాయంగా. "నా వంతులో మొదటి ముద్ద ఇంటి యజమానికి పెట్టకపోతే నేనేం పెద్దమనిషిని? నల్లబాట మీకిస్తున్నాను బావగారూ. స్కీలు కూడా తగిలించుకునే ఉన్నారు. నోరు తెరవండి."

బుబుసారా ఫోను కదలకుండా పట్టుకుంది. ఎప్పుడూ మాట్లాడని మనిషి అప్పుడు మాట్లాడింది. "తీస్తున్నాను అన్నయ్యగారూ. నారిన్ అంతా చూస్తుంది."

పెద్దవాళ్ళు చేత్తో పెట్టింది వద్దనడానికి లేదు. కడుపు నిండినా, కొవ్వు గొంతుకి అడ్డం పడినా, కళ్ళు మూసుకుని మింగాల్సిందే. ఎమిల్ ఆ సంగతి ఊళ్ళో అందరికీ పాఠాలు చెప్పినవాడు. ఒకసారి బావగారిని చూశాడు, ఒకసారి ఫోనుని చూశాడు, కలీపాని చూశాడు. ఆమె పాతిన కర్రలు రెండూ పీకి, దారి వదిలి, పక్కకి జరిగి నిలబడింది.

"దయచెయ్యండి డైరెక్టర్ గారూ" అంది. తర్వాత జానార్‌బెక్ చెవిలో, "వాడికి కింద నువ్వుండు. పడితే పట్టుకో. చావనివ్వకు, నవ్వకు కూడా" అంది.

జానార్‌బెక్ స్లెడ్జితో ముందు దిగాక ఎమిల్ అంచు దాటాడు. దాటడమంటే స్కీలు ముందు పోయాయి, ఆయన తర్వాత పోయాడు. కొత్త దుస్తుల వీపు మంచుని రాసుకుంటూ సర్రున పోయి, జానార్‌బెక్ అడ్డం నిలబడిన చోట ఆగింది.

కలీపాకి పట్టరాని ఆనందం వచ్చింది. ఆకే వైపు తిరిగి, "సరైన వేటు వేశారు ఆకే!" అంది. "ఇక మీరు రండి, మెల్లిగా చెయ్యి పట్టుకుని పచ్చబాటలో నేనే దింపుతాను."

"నువ్వూ పంచుతున్నావా అమ్మాయ్?"

"అంటే?"

"ఆయన నా గడ్డం చూసి నల్లది ఇచ్చాడు. నువ్వు నా మోకాళ్ళు చూసి పచ్చది ఇస్తున్నావు. రాత్రి నించీ నా వంతు గురించి ఇద్దరూ కొట్టుకు చస్తున్నారు. నీకేం కావాలయ్యా అని ఒక్కళ్ళైనా అడిగారా?"

కలీపా చేతిలోని కర్రలు మంచులో ఆనించింది.

"అడుగు మరి" అన్నాడు.

"ఏం కావాలి ఆకే?"

"కుర్చీలో ఎక్కాలనుకున్నా. సరస్సు చూడాలనుకున్నా. ఇక్కడ ఒక టీ తాగి మళ్ళీ కుర్చీలోనే దిగాలనుకున్నా. నారిన్‌లో బయల్దేరిన దగ్గర్నించీ నా కోరిక అంతే." ఆయన కల్పాక్ సర్దుకున్నాడు. "నువ్వన్నావే, ఆ బస్తాని నేనే. నన్ను దింపు."

ఆమెకి చెవులు కాలిపోయాయి. చలికి కాదు, సిగ్గుకి. ఇన్నేళ్ళలో ఎన్ని వేలమందిని నడక చూసి తూచింది, ఒక్కరినైనా ఈ మాట అడిగిందా? అడగలేదు. ఎమిల్‌ని ఎంత అసహ్యించుకుందో, ఆ క్షణంలో తనని తాను దాదాపు అంత అసహ్యించుకుంది. పోయి ఆయనకి పాలు పోసిన టీ తెచ్చింది, బూట్లు వదులు చేసింది, ఆయన సరస్సుని కళ్ళనిండా చూసేదాకా పక్కనే నిలబడింది. తర్వాత తన స్కీలు కూడా విప్పి భుజానికెత్తుకుని, ఆయన పక్కన కుర్చీలో కూర్చుంది. ఈ కొండని ఆమె కుర్చీలో దిగడం అదే మొదటిసారి.

లిఫ్టు కదిలింది. కాళ్ళ కింద నల్లబాట పైకి వస్తోంది. సగం దూరంలో ఎమిల్ కనిపించాడు. ఒక స్కీ ఊడిపోయింది, రెండోది పక్కకి తిరిగి ఉంది. పిర్రల మీద కూర్చుని, రెండు చేతులా మంచుని పట్టుకుని, జానార్‌బెక్ ఏం చెప్పినా వినకుండా అటూ ఇటూ చూస్తున్నాడు. ఎదురుగా పైకొచ్చే కుర్చీల్లో జనం ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు.

"అతనికి ఏ రంగు కడతావు అమ్మాయ్?" అన్నాడు ఆకే.

"రంగు దేనికి ఆకే? పెద్ద బస్తా."

"ఊరుకో. బస్తాలం మనం. హాయిగా కూర్చున్నాం. అతను చూడు, కొండ దిగుతున్నాడు పాపం."

కలీపా నవ్వాపుకోలేకపోయింది. ఆ నవ్వు కింద దాకా వినపడింది కాబోలు, ఎమిల్ తలెత్తాడు. మొహం చెమటతో, మంచుతో తడిసి ముద్దైంది. రాత్రి ఉద్యోగం ఉండదని బెదిరించిన గొంతు కాదది.

"ఎజే! కలీపా ఎజే! ఎటు దిగాలి? చెప్పవా, ఎటు దిగాలి?"

కొండ మీద అందరికీ వినపడేట్టు అడిగాడు. వియ్యంకుడు విన్నాడు, వెనక కుర్చీలో ఫోను పట్టుకున్న వియ్యపురాలు విన్నది, ఎదురు కుర్చీల జనం విన్నారు. కలీపా కడ్డీ మీద నుంచి వంగి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంది. చెప్పబోయి ఒక్క క్షణం ఆగింది.

"నీకెటు కావాలి తమ్ముడూ?"

"కిందికి! బతికుండగా కిందికి!"

"అయితే ఎడమకి! చెట్లలోకి! పచ్చబాట!"

ఎమిల్ ఎడమకి తిరిగాడు. పిర్రల మీదే దేక్కుంటూ చెట్ల మధ్య అడ్డదారిలోకి పోయాడు. అవతల పచ్చబాట మీద చిన్నపిల్లల వరస చివర ఎర్నిస్ నిలబడి ఉన్నాడు. వాడు మామగారిని చూసి, పెద్దవాళ్ళకి ఇవ్వాల్సిన మర్యాద ఇచ్చి, తనకంటే ముందు చోటు చూపించాడు.